రెండో మానిటర్ కొనేముందు క్యాబినెట్ వెనక్కి తొంగిచూడండి

రెండో మానిటర్ కావాలనుకున్నవారు మొదట మానిటర్ గురించే ఆలోచిస్తారు. ఎన్ని అంగుళాలు, ఏ రకం ప్యానెల్, స్టాండు ఎత్తు సర్దుకోవచ్చా అని వారం పదిరోజులు వెతుకుతారు. పెట్టె విప్పి బల్ల మీద నిలబెట్టి, కేబుల్ చేత పట్టుకొని కంప్యూటర్ క్యాబినెట్ వెనక వంగినప్పుడు గానీ అసలు ప్రశ్న ఎదురుకాదు: దీన్ని ఎక్కడ పెట్టాలి? ఈ వరుసను తిరగేయమనే నా సలహా. వెనక ఏ పోర్టు ఖాళీగా ఉంది, అది దేనికి చెందినది అన్న రెండు సంగతులు తెలిస్తే ఏ దారిలో కలపాలో చాలావరకు తేలిపోతుంది. మానిటర్ ఎంపిక ఆ తర్వాత.

మదర్‌బోర్డు పోర్టా, కార్డు పోర్టా?

నిలువుగా నిలబెట్టిన క్యాబినెట్ వెనక వీడియో పోర్టులు రెండు చోట్ల ఉండవచ్చు. పైభాగాన కీబోర్డు, మౌస్, నెట్‌వర్క్ కేబుళ్ల పక్కన కనిపించేవి మదర్‌బోర్డువి, అంటే కంప్యూటర్ భాగాలన్నీ కలిసే ప్రధాన పలకవి. వాటికి కాస్త కింద, అడ్డంగా ఒకే పట్టీలో ఉన్నవి గ్రాఫిక్స్ కార్డువి, అంటే తెర మీది బొమ్మను తయారుచేసే విడి పలకవి. కార్డు ఉన్న కంప్యూటర్‌లో మొదటి మానిటర్ ఎలాగూ కార్డుకే కలిపి ఉంటుంది. రెండోది కూడా దానికే కలపండి. మొదటిది కార్డుకు, రెండోది చేతికి అందిన మదర్‌బోర్డు పోర్టుకు కలిపి, తెర నల్లగా ఉండేసరికి మానిటర్ పాడైందని తిరిగి పంపినవారిని చూశాను. ఆ మానిటర్‌లో ఏ లోపమూ లేదు. కార్డు ఉన్నట్టు కనిపెట్టగానే చాలా మదర్‌బోర్డులు ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌ను (బొమ్మను తయారుచేసే భాగాన్ని) తమంతట తామే ఆపేస్తాయి.

కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లోకి వెళ్లి దాన్ని మళ్లీ ఆన్ చేయవచ్చు. ఐజీపీయూ మల్టీ మానిటర్ అనో, దానికి దగ్గరి పేరుతోనో ఆ ఎంపిక ఉంటుంది. మూడో, నాలుగో తెర కావలసివచ్చి కార్డు మీద చోటు లేనప్పుడు ఇది మంచి ఉపాయం. అంతకుముందే ఆ దారి పట్టడం నాకు నచ్చదు. ఒక తెరను ఒక చిప్పు, పక్క తెరను ఇంకో చిప్పు నడుపుతుంటే, వీడియోనో ఆటనో ఇటు నుంచి అటు లాగినప్పుడు బొమ్మ తడబడే అవకాశం ఉంటుంది. పైగా ఏది ఎందుకు ఆగిందో వెతకాల్సిన చోట్లు రెండవుతాయి.

ఇంకో చిక్కు ఉంది. మదర్‌బోర్డు మీద హెచ్‌డీఎంఐ అనే వీడియో పోర్టు ఉన్నంత మాత్రాన అది పనిచేస్తుందని కాదు. ఆ పోర్టుకు బొమ్మను అందించాల్సింది ప్రాసెసర్. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ లేనట్టే. ఏఎండీ రైజెన్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో 5000 శ్రేణి వరకు పేరులో జీ ఉన్నవాటికే గ్రాఫిక్స్ ఉంది. 7000 శ్రేణి నుంచి చాలావాటికి చిన్నపాటి గ్రాఫిక్స్ ఇస్తున్నారు, ఎఫ్ ఉన్నవాటికి తప్ప. గ్రాఫిక్స్ లేని ప్రాసెసర్ ఉన్న కంప్యూటర్‌లో ఆ పోర్టు గోడ మీద గీసిన గుమ్మం లాంటిది.

పోర్టుల లెక్క కూడా తెరల లెక్క కాకపోవచ్చు. పాత కార్డుల్లో మూడు పోర్టులు ఉండి, ఒకేసారి రెండే వెలిగేవి ఉన్నాయి. ఈమధ్యవి చాలామటుకు నాలుగు తెరల దాకా నడుపుతాయి. తయారీదారు ఇచ్చిన వివరాల్లో గరిష్ఠంగా ఎన్ని డిస్‌ప్లేలో ఒక వరుసలో రాసి ఉంటుంది, చూసుకోండి.

హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్‌లలో ఏది?

ఎక్కువమందికి మిగిలేది ఈ రెండు రకాల పోర్టుల మధ్య ఎంపికే. సాదాసీదా 1920×1080 చుక్కల మానిటర్‌ను 60 హెర్ట్జ్‌లో (సెకనుకు 60 సార్లు బొమ్మ మారేలా) వాడేవారు ఈ భాగం దాటేయవచ్చు. ఏది ఖాళీగా ఉంటే దానికి కలపండి, కంటికి తేడా ఏమీ కనిపించదు. 4కే (3840×2160 చుక్కల) మానిటర్‌కో, 100 హెర్ట్జ్ దాటిన మానిటర్‌కో వెళ్తున్నప్పుడే అసలు తేడా బయటపడుతుంది.

చిన్న లెక్క వేద్దాం. 1080 తెరలో సుమారు 20.7 లక్షల చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క రంగు చెప్పడానికి 24 బిట్లు, సెకనుకు 60 సార్లు. మొత్తం సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. 4కే తెరలో చుక్కలు సరిగ్గా నాలుగు రెట్లు, కాబట్టి దాదాపు 12 గిగాబిట్లు కావాలి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నికరంగా మోయగలిగేది 8 గిగాబిట్ల పైచిలుకు. 12 అందులో పట్టదు. అందుకే పాత పోర్టుకు 4కే మానిటర్ తగిలిస్తే బొమ్మ వస్తుంది గానీ 30 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. సినిమా చూసేవారికి ఇది తెలియకపోవచ్చు. మౌస్ కదిపినవారికి మాత్రం బాణం గుర్తు బురదలో నడుస్తున్నట్టు అనిపిస్తుంది. కంప్యూటర్ నెమ్మదించిందని మెమరీ పెంచుకున్నవారూ ఉన్నారు!

2013 నాటి హెచ్‌డీఎంఐ 2.0 ఈ అడ్డు తొలగించింది, 4కేను 60 హెర్ట్జ్‌లో చూపిస్తుంది. 2017 నాటి 2.1 గరిష్ఠంగా 48 గిగాబిట్లకు వెళ్లింది, 120 హెర్ట్జ్ కూడా దానికి సులువే. కానీ పెట్టె మీద 2.1 అన్న అంకె చూసి సంతోషపడకండి. ఆ ప్రమాణంలోని కొత్త సదుపాయాలు చాలావరకు ఐచ్ఛికం. అన్నీ ఇవ్వకుండానే ఆ అంకె వేసుకునే వీలుంది. ఏ రిజల్యూషన్‌లో (ఎన్ని చుక్కల దగ్గర) ఎన్ని హెర్ట్జ్ వస్తుందో విడిగా రాసి ఉందేమో చూడండి. అది రాయనివారి మాట నేను నమ్మను.

డిస్‌ప్లే పోర్ట్ కంప్యూటర్ తెరల కోసమే పుట్టింది, 2006లో. దాని 1.2 రూపం 2010కే 4కేను 60 హెర్ట్జ్‌లో చూపగలిగేది, అంటే ఈ విషయంలో హెచ్‌డీఎంఐ కంటే మూడేళ్లు ముందుంది. 1.4 రూపంలో 4కే 120 హెర్ట్జ్ కూడా కుదురుతుంది. మీ కంప్యూటర్ కొన్నేళ్ల కిందటిదై, రెండు పోర్టులూ ఖాళీగా ఉండి, మానిటర్ పెద్దదైతే మరో ఆలోచన లేకుండా డిస్‌ప్లే పోర్ట్‌కు కలపండి. మానిటర్‌కు బదులు టీవీని వాడదలిస్తే మాత్రం హెచ్‌డీఎంఐ ఒక్కటే దారి, టీవీలకు డిస్‌ప్లే పోర్ట్ ఉండటం అరుదు.

డిస్‌ప్లే పోర్ట్ కేబుల్‌కు చాలాసార్లు చిన్న కొక్కెం ఉంటుంది, మీట నొక్కితే గానీ ఊడదు. బల్ల కింద కాళ్లు తగిలినా జారిపోదు. మీట సంగతి తెలియక లాగేసి పోర్టును విరగ్గొట్టిన పాపం నాదే, ఇక్కడ ఒప్పుకుంటున్నాను. మరీ నాసిరకం కేబుళ్లలో ఇంకో ప్రమాదం దాగి ఉంటుంది. ఆ పోర్టులోని 20వ పిన్నులో విద్యుత్తు ఉంటుంది. రెండు పరికరాలను కలిపే మామూలు కేబుల్‌లో ఆ పిన్ను తీగ ఉండకూడదని ప్రమాణం చెబుతోంది. ఆ నియమం పాటించని కేబుల్ తగిలిస్తే మానిటర్ నుంచి కార్డులోకి విద్యుత్తు వెనక్కి పారి, కంప్యూటర్ ఆన్ కావడానికి మొరాయిస్తుంది. మానిటర్‌తో పాటు పెట్టెలో వచ్చిన కేబుల్ ఉంటే మొదట దాన్నే వాడండి.

అడాప్టర్‌కు దిక్కు ఉంటుంది

కంప్యూటర్ మీద ఒక రకం పోర్టు, మానిటర్ మీద ఇంకో రకం ఉన్నప్పుడు అందరం వెతికేది అడాప్టర్ కోసం. ఎక్కువ డబ్బు, ఎక్కువ సమయం వృథా అయ్యేది కూడా ఇక్కడే. బొమ్మ కంప్యూటర్ నుంచి మానిటర్‌కు ప్రవహిస్తుంది, వెనక్కి కాదు. కాబట్టి అడాప్టర్‌కు కూడా ఒక దిక్కు ఉంటుంది. కంప్యూటర్ వైపు డిస్‌ప్లే పోర్ట్, మానిటర్ వైపు హెచ్‌డీఎంఐ ఉంటే పని తేలిక. చాలా డిస్‌ప్లే పోర్టులు అవసరమైతే హెచ్‌డీఎంఐ భాషలోనే మాట్లాడగలవు, చిన్న సాదా అడాప్టర్ సరిపోతుంది. కంప్యూటర్ వైపు హెచ్‌డీఎంఐ, మానిటర్ వైపు డిస్‌ప్లే పోర్ట్ అయితే కథ వేరు. హెచ్‌డీఎంఐకి ఆ రెండో భాష రాదు. మధ్యలో కూర్చొని అనువదించే చిప్పు ఉన్న కన్వర్టర్ కావాలి, దానికి తరచు యూఎస్‌బీ ద్వారా విద్యుత్తు కూడా ఇవ్వాలి.

రెండు చివర్లూ సరిపోయాయని సంబరపడి నేను తెచ్చుకున్న మొదటి కేబుల్ ఇలాంటిదే. డిస్‌ప్లే పోర్ట్ నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లేదాన్ని తిరగేసి తగిలించాను. గంటన్నర సేపు డ్రైవర్లు (కార్డును నడిపే సాఫ్ట్‌వేర్) తీసి మళ్లీ వేశాక గానీ బుద్ధికి తట్టలేదు. కేబుల్ వివరాల్లో ఏది మూలం, ఏది గమ్యం అని స్పష్టంగా ఉంటేనే తీసుకోండి. అన్నిటికన్నా మంచిది, రెండు వైపులా ఒకే రకం పోర్టు దొరికే మానిటర్‌ను ఎంచుకోవడం. అడాప్టర్ లేని దారిలో పాడయ్యే వస్తువు ఒకటి తక్కువ.

మినీ డిస్‌ప్లే పోర్ట్, మినీ హెచ్‌డీఎంఐల గురించి బెంగ వద్దు. ఆకారమే చిన్నది, లోపలి సంకేతం అదే.

పాత మానిటర్ అటక మీద ఉంటే

నీలిరంగు, 15 పిన్నుల వీజీఏ 1987లో ఐబీఎం కంప్యూటర్లతో వచ్చింది. 2015 నాటికి దాన్ని వదిలేస్తామని ఇంటెల్, ఏఎండీ 2010లోనే ప్రకటించాయి. అయినా వీజీఏ మాత్రమే ఉన్న మానిటర్లు ఇంకా వెలుగుతూనే ఉన్నాయి, వాటిని పారేయమని నేను అనను. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్‌తో 1080 వరకు హాయిగా నడుస్తాయి. మెయిల్, చాట్, పాటల జాబితా పక్కన పెట్టుకోవడానికి చాలు. అక్షరాలు కాస్త నీడ పట్టినట్టుంటే మానిటర్ మీద ఆటో అడ్జస్ట్ మీట ఒకసారి నొక్కండి. రోజంతా చదివే తెరగా మాత్రం దాన్ని పెట్టుకోవద్దు, కళ్లు ఊరుకోవు.

తెల్లటి డీవీఐ ఉన్న మానిటర్ ఇంకా నయం. దాని డిజిటల్ సంకేతమూ హెచ్‌డీఎంఐ సంకేతమూ ఒకే కుదురువి కాబట్టి సాదా అడాప్టర్ ఏ దిక్కుకైనా పనిచేస్తుంది. 1920×1200 వరకు చింత లేదు. శబ్దం మాత్రం దానితో రాదనుకోండి.

అటక మీద ఉన్నది మానిటర్ కాదు, పాత లాప్‌టాప్ అయితే? దాని పక్కనున్న హెచ్‌డీఎంఐ పోర్టుకు డెస్క్‌టాప్ నుంచి కేబుల్ కలిపి బొమ్మ రాలేదని అడుగుతుంటారు. రాదు. లాప్‌టాప్‌లలో అది సాధారణంగా బొమ్మను బయటికి పంపే పోర్టు, లోపలికి తీసుకునేది కాదు. రెండింటిలోనూ విండోస్, వైఫై ఉంటే తీగ లేకుండా ఆ లాప్‌టాప్ తెర మీద చూపించుకోవచ్చు. ఈ పీసీకి ప్రొజెక్ట్ చేయడం అన్న సదుపాయాన్ని లాప్‌టాప్‌లో అదనంగా చేర్చుకోవాలి. ఒక పత్రాన్ని పక్కన తెరిచి పెట్టుకోవడానికి బాగుంటుంది. మౌస్ కదిలాక బాణం కదలడానికి పట్టే ఆ క్షణం ఆలస్యంతో మరే పనైనా చిరాకే.

యూఎస్‌బీ-సీ: ఆకారం చూసి మోసపోవద్దు

కొత్త మానిటర్లు, ముఖ్యంగా చంకలో పెట్టుకుపోయే పలుచటివి, యూఎస్‌బీ-సీతో వస్తున్నాయి. ఒకే తీగలో బొమ్మ, విద్యుత్తు రెండూ వెళ్తాయన్న మాట నిజమే. అది లాప్‌టాప్‌ల విషయంలో ఎక్కువ నిజం, డెస్క్‌టాప్‌ల విషయంలో తక్కువ. క్యాబినెట్ ముందువైపు ఉన్న యూఎస్‌బీ-సీ దాదాపు ఎప్పుడూ ఫైళ్లు పంపడానికి, ఫోను ఛార్జింగుకే పరిమితం. వెనకవైపుది బొమ్మను పంపుతుందో లేదో మదర్‌బోర్డు వివరాల్లో డిస్‌ప్లే పోర్ట్ ఆల్ట్ మోడ్ లేదా థండర్‌బోల్ట్ అన్న మాట ఉందో లేదో చూస్తే తెలుస్తుంది. ఆ మాట లేకపోతే ఎంత మంచి కేబుల్ తెచ్చినా తెర వెలగదు. కాబట్టి డెస్క్‌టాప్ కోసం పలుచటి మానిటర్ తీసుకుంటుంటే హెచ్‌డీఎంఐ కూడా ఉన్నదాన్నే ఎంచుకోండి. హెచ్‌డీఎంఐ తెరను నడిపేంత విద్యుత్తు ఇవ్వదు, దానికి వేరే తీగ ఉండాలని గుర్తుంచుకోండి.

ఖాళీ పోర్టే లేనప్పుడు

ఉన్న ఒక్క హెచ్‌డీఎంఐకి స్ప్లిటర్ తగిలిస్తే రెండు తెరలు వస్తాయి కదా అన్నది అందరికీ వచ్చే ఆలోచన. వస్తాయి, కానీ రెండింటిలోనూ ఒకటే బొమ్మ. అది నకలు తీసే పరికరం, బల్లను వెడల్పు చేసేది కాదు. ప్రదర్శనలకు పనికొస్తుంది, మీ అవసరానికి కాదు.

నిజంగా ఒకే పోర్టు నుంచి రెండు వేర్వేరు తెరలు కావాలంటే డిస్‌ప్లే పోర్ట్ 1.2లో వచ్చిన ఎంఎస్‌టీ పద్ధతి ఉంది. కంప్యూటర్ నుంచి మొదటి మానిటర్‌కు, దాని నుంచి రెండోదానికి, గొలుసులా. మొదటి మానిటర్‌కు బయటికి పంపే డిస్‌ప్లే పోర్ట్ కూడా ఉండాలి, దాని మెనూలో ఆ సదుపాయాన్ని ఆన్ చేయాల్సి రావచ్చు. 2560×1440 మానిటర్లు రెండు 60 హెర్ట్జ్‌లో 1.2 మీద బాగా సర్దుకుంటాయి. 4కే రెండు పట్టవు. మ్యాక్ వాడేవారికి ఈ దారి మూసుకుపోయినట్టే, మ్యాక్‌ఓఎస్ గొలుసులోని రెండు తెరల్లోనూ ఒకే బొమ్మ చూపిస్తుంది.

మిగిలినవి రెండు: యూఎస్‌బీ డిస్‌ప్లే అడాప్టర్, లేదా కొత్త గ్రాఫిక్స్ కార్డు. డిస్‌ప్లేలింక్ తరహా యూఎస్‌బీ అడాప్టర్లలో బొమ్మను ప్రాసెసర్ కుదించి యూఎస్‌బీ మీదుగా పంపుతుంది, అడాప్టర్ దాన్ని విప్పి తెరకు ఇస్తుంది. అంటే గ్రాఫిక్స్ పోర్టు చేయాల్సిన పనిలో కొంత ప్రాసెసర్ నెత్తిన పడుతుంది. డ్రైవర్ వేసుకోవాలి. విండోస్ లేవకముందు ఆ తెర మీద ఏమీ కనిపించదు. ఆటలకు, వీడియో ఎడిటింగుకు అస్సలు వద్దు. కానీ లెక్కల పట్టికలు, మెయిల్, రాతపని చేసే ఆఫీసు కంప్యూటర్‌కు, క్యాబినెట్ విప్పే అనుమతి లేనివారికి ఇంతకన్నా సులువైన దారి లేదు. దీన్ని చిన్నచూపు చూసేవారితో నేను ఏకీభవించను.

క్యాబినెట్ మీ సొంతమై, లోపల పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉంటే చిన్న కార్డు వేయడమే మేలు. ఆ స్లాటు ద్వారా గరిష్ఠంగా 75 వాట్లు అందుతాయి. అదనపు విద్యుత్ తీగ అడగని కార్డు తీసుకుంటే పవర్ సప్లై మార్చే పని ఉండదు. సన్నటి క్యాబినెట్ అయితే కార్డు వెనక పట్టీ కూడా సగం ఎత్తుది కావాలి. ఇది చూసుకోక కార్డు వేసి మూత పెట్టలేకపోయినవారు ఉన్నారు. కార్డు వేశాక పాత మానిటర్‌ను కూడా మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకే మార్చండి.

ఇప్పుడు మానిటర్

పక్కపక్కన పెట్టే తెరలకు అంగుళాలు కలవడం కంటే చుక్కల సాంద్రత కలవడం ముఖ్యం. 24 అంగుళాల 1080 తెరలో అంగుళానికి సుమారు 92 చుక్కలు. 27 అంగుళాల 4కేలో 163. ఈ రెండింటినీ జత చేస్తే ఒకదానికి స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మల పరిమాణం) పెంచక తప్పదు. కిటికీ (విండో) ఒక తెర నుంచి ఇంకో తెరకు దాటుతున్నప్పుడు మధ్యలో ఉబ్బుతూ ముడుచుకుంటూ కనిపిస్తుంది. 27 అంగుళాల 1440 తెరలో 109, సర్దుకుపోవచ్చు. ఇక 32 అంగుళాల 1440 తెరలో కూడా దాదాపు 92 చుక్కలే. సాధారణంగా ఇంత పెద్ద తెరకు 1440 తక్కువని పెదవి విరుస్తారు గానీ, ఇప్పటికే 24 అంగుళాలది ఉన్నవారికి అక్షరాల పరిమాణం అచ్చంగా కలిసే జోడీ అది.

రెండోది కొనే బదులు ఉన్నది తీసేసి 34 అంగుళాల వెడల్పాటి తెర ఒకటే పెట్టుకోవడం మరో దారి. ఒకే కేబుల్, మధ్యలో అంచు అడ్డురాదు. కానీ రోజూ తెర పంచుకుంటూ సమావేశాల్లో మాట్లాడేవారికి రెండు తెరలే సుఖం. ఒకదాన్ని పూర్తిగా చూపిస్తూ, రెండోదాన్ని తమకోసం దాచుకోవచ్చు.

కలిపాక చూడాల్సినవి

విండోస్ మీట పట్టుకొని పీ నొక్కితే వచ్చే జాబితాలో పొడిగించు అన్న ఎంపిక తీసుకోండి. తర్వాత డిస్‌ప్లే సెట్టింగుల్లో తెరల బొమ్మలను బల్ల మీద ఉన్న క్రమంలోనే జరపండి. లేదంటే బాణం కుడి తెరకు దాటాల్సింది కుడి అంచునే తల బాదుకుంటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని ఏళ్ల తరబడి 60లోనే వాడుతున్నవారు చాలామంది. అధునాతన డిస్‌ప్లే సెట్టింగుల్లో రిఫ్రెష్ రేటును మీరే మార్చాలి. హెచ్‌డీఎంఐ మీద నలుపు బూడిదరంగులా వెలిసిపోయి కనిపిస్తే, గ్రాఫిక్స్ కార్డు సెట్టింగుల్లో రంగుల పరిధి టీవీలకు వాడే పరిమిత శ్రేణిలో ఉందేమో చూసి పూర్తి శ్రేణికి మార్చండి.

హఠాత్తుగా స్పీకర్లు మూగబోతే కంగారు పడకండి. హెచ్‌డీఎంఐ, డిస్‌ప్లే పోర్ట్ కేబుళ్లు రెండూ శబ్దాన్ని కూడా మోస్తాయి కాబట్టి, విండోస్ పాటను కొత్త మానిటర్‌కు పంపుతూ ఉండవచ్చు. దానికి స్పీకర్లు లేకపోతే నిశ్శబ్దమే. గడియారం పక్కన ఉన్న శబ్దం గుర్తు నుంచి పాత స్పీకర్లను మళ్లీ ఎంచుకోండి.

డిస్‌ప్లే పోర్ట్ వాడేవారికి ఇంకొకటి తరచు ఎదురవుతుంది. ఆ మానిటర్‌ను ఆపగానే కంప్యూటర్ దాన్ని ఊడదీసినట్టుగా భావించి, దాని మీదున్న కిటికీలన్నిటినీ మిగిలిన తెర మీద గుమ్మరిస్తుంది. విండోస్ 11లో బహుళ డిస్‌ప్లేల విభాగంలో, మానిటర్ కలిసి ఉన్నప్పుడు కిటికీలు ఎక్కడున్నాయో గుర్తుంచుకునే ఎంపిక ఉంది. దానికి టిక్కు పెట్టి, మానిటర్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేసి చూడండి. కిటికీలు వాటి చోటికి తిరిగి రావాలి.